మూల టేబుల్ కంప్యూటరు

ఆ హాల్లో ప్రతి టేబుల్‌కీ ఒక నంబరుంది. చిట్టచివరి దానికీ ఉంది కానీ, ఆ నంబరు ఎవరూ పలకరు. "ఆ మూల" అంటారు. అదీ గొంతు తగ్గించి.

మూడో అంతస్తు. పొడవాటి హాలు. రెండు వరసల్లో ఇరవై రెండు కంప్యూటర్లు. ఆస్పత్రుల్లోని పాత కేసు షీట్లు చూసి కంప్యూటర్లోకి ఎక్కించడం అక్కడి పని. రెండో షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. హాలు చివర, కిటికీ లేనిచోట, గోడకి ఆనించి ఉంటుంది ఆ టేబులు. గోడకి అవతల పాత ఫైళ్ళ గది. దాని తాళం తుప్పుపట్టి చాలాకాలమైంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరూ మర్చిపోయారు.

ఆ మూల ఏ కంప్యూటరు పెట్టినా బతకదని పేరు.

పగలంతా శుభ్రంగా పనిచేస్తుంది. సాయంత్రం ఏడు దాటాక... టప్. ఆరిపోతుంది. తర్వాత ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు, పలకదు. ఫ్యాన్ తిరగదు, చిన్న దీపం కూడా వెలగదు. తెల్లారి ఎవరైనా వచ్చి నొక్కితే — ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

ఇలా మొదలయ్యాక అక్కడ కూర్చున్న మొదటి మనిషి రెండు నెలలకే పగటి షిఫ్టు అడిగి పారిపోయాడు. రెండో ఆవిడ ఉద్యోగమే మానేసింది. వెళ్తూ వెళ్తూ పక్క టేబుల్ వాళ్ళతో ఒక్క మాట అంది. "కంప్యూటరు ఆరిపోయినందుకు కాదు... ఆరిపోయాక గోడలోంచి ఎవరో దగ్గుతారు. అది నేను పడలేను."

రెండుసార్లు దగ్గి, కాస్త ఆగి, మూడోసారి గొంతు సవరించుకున్నట్టు.

అలా దగ్గే మనిషి ఆ ఆఫీసులో ఒక్కడే ఉండేవాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ మూలే కూర్చున్నాడు. ఏ డాక్టరు గీసిన కోడికెలుకుడైనా చదివేసేవాడని ఆయన్ని అందరూ నిఘంటువుగారు అనేవాళ్ళు. చేతిరాత చదివే కొత్త ప్రోగ్రామేదో వచ్చాక, ఇక మీ అవసరం లేదండీ అని పంపేశారు. మూడు నెలలు తిరక్కుండానే ఆయన పోయాడని కబురొచ్చింది. ఎవరో పేపర్లో చూశారట.

అప్పటినుంచీ ఆ మూలకి ఆ పేరు.

ఇదంతా నాకు మా అక్క చెప్పింది. మా అక్క కంప్యూటర్లు బాగుచేస్తుంది. పదిహేను ఆఫీసులు ఆవిడ చేతిలో ఉన్నాయి. భుజాన ఒక సంచి, చెవి వెనక ఒక స్క్రూడ్రైవరు. అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పబోతే ముందే నవ్వొచ్చేస్తుంది. ఈ సంగతి చెప్తున్నంతసేపూ ఒక్కసారి కూడా నవ్వలేదు.

ఆ మూలకి కొత్తగా ఒకమ్మాయి వచ్చింది. మూడేళ్ళ పాపని తల్లి దగ్గర వదిలి పనికొచ్చే పిల్ల. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. రోజూ ఏడింటికి కంప్యూటరు ఆరిపోతుంటే పని ఎలా అవుతుంది? మేనేజరుకి అనుమానం వచ్చింది — పని ఎగ్గొట్టడానికి ఈ అమ్మాయే ఏదో చేస్తోందని.

"మీరు నాలుగుసార్లు వచ్చారు మేడమ్," అన్నాడు మా అక్కతో. "నాలుగుసార్లూ బాగానే ఉందన్నారు."

"నేనొచ్చింది పగలు కదండీ."

"శుక్రవారం లోపల రాసివ్వండి. యంత్రంలో లోపం ఉంటే యంత్రాన్ని మారుస్తాను. లేదంటే మనిషిని మారుస్తాను."

అందుకని గురువారం సాయంత్రం మా అక్క ఆరింటికే వెళ్ళి ఆ మూల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే ముసురు. షిఫ్టులో సగంమంది రాలేదు. వచ్చినవాళ్ళు తలుపు దగ్గరి వరసల్లో కూర్చున్నారు. హాలు ఈ చివర మా అక్క, కొత్తమ్మాయి... ఇద్దరే.

ఆరున్నర. ఆరూ ముప్పావు. కంప్యూటరు చక్కగా నడుస్తోంది.

కొత్తమ్మాయి చుట్టూ చూసి, సొరుగులోంచి ఒక కాగితాల కట్ట తీసింది.

"అక్కా... మీకొకటి చూపించనా? ఎవరికీ చెప్పకండి."

అన్నీ కేసు షీట్ల నకళ్ళు. అర్థంకాని మాటల చుట్టూ ఆ అమ్మాయి ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టింది. ప్రతి సున్నా పక్కనా సన్నటి పెన్సిలు రాత. కొంచెం పక్కకి వాలిన అక్షరాలు. మందు పేరు, జబ్బు పేరు, ఒకచోట డాక్టరు పేరు కూడా.

"రాత్రి వెళ్ళేటప్పుడు ఇవి టేబుల్ మీద పెట్టి వెళ్తాను. మర్నాడు వచ్చేసరికి... ఇలా ఉంటాయి. నేను రాయలేదక్కా. ఇక్కడెవరూ రాయలేదట. అన్నీ కరెక్టే. ఒక్కటంటే ఒక్క తప్పు లేదు."

మా అక్క ఆ కాగితాలు తిప్పి చూసింది. "మరి ఎందుకు పెడుతున్నావ్ రోజూ?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "తప్పులు లేకపోతే ఉద్యోగం ఉంటుందని..." ఇంకా చిన్నగా అంది, "భయమేస్తుంది. కానీ పెడతాను."

ఏడూ పది.

టప్.

స్క్రీను నల్లబడింది. ఫ్యాన్ చప్పుడు నెమ్మదిగా దిగిపోయి... ఆగింది.

"చూశారా!" అంది కొత్తమ్మాయి. చెయ్యి మా అక్క మోచేతిని పట్టుకుంది.

"ఉండు, ఉండు." మా అక్క బటన్ నొక్కింది. ఏమీ లేదు. వెనకున్న స్విచ్ చూసింది, వేసే ఉంది. వైరు పీకి కొత్త వైరు పెట్టింది. లేదు. వైరు తీసేసి, బటన్ ముప్ఫై సెకన్లు నొక్కిపట్టి, మళ్ళీ పెట్టింది. లేదు. టేబుల్ లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. అంటే కరెంటు ఉంది. డబ్బా విప్పింది. బటనే చెడిపోయి ఉంటుందని, లోపల బటన్ తీగలొచ్చే రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవరు మొనతో కలిపింది. లోపలి భాగాలకి కరెంటిచ్చే పవర్ సప్లైని విడిగా తీసి, ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ వంచిన క్లిప్పుతో కలిపింది. ప్రాణమున్న పవర్ సప్లై అయితే ఫ్యాన్ తిరిగి తీరాలి.

తిరగలేదు.

"ఇది పోయింది," అంది మా అక్క ఊపిరి పీల్చుకుని. జబ్బు దొరికితే వైద్యం సులువు కదా. "పవర్ సప్లై మారిస్తే సరి. రేపు రాసిచ్చేస్తాను, నీకేం భయం లేదు."

ఏదో పట్టింపుకి, తీసిన తీగలన్నీ మళ్ళీ బిగించి, డబ్బాని ఎత్తుకెళ్ళి మూడు టేబుళ్ళ అవతల పెట్టింది. వైరు గుచ్చి, బటన్ నొక్కింది.

గుయ్‌మని లేచింది. స్క్రీను, ఫ్యాను, అన్నీ.

మళ్ళీ తీసుకొచ్చి మూల పెట్టింది. చచ్చింది.

మళ్ళీ అక్కడ — బతికింది. మళ్ళీ ఇక్కడ — చచ్చింది.

"ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నానురా," అంది మా అక్క నాతో. "అలాంటిది ఎప్పుడూ చూడలేదు."

అప్పుడు... గోడలోంచి వినిపించింది.

రెండుసార్లు. ఆగి. మూడోసారి.

మా అక్కకి వెన్నులో చలి పుట్టింది. ఎందుకంటే ఆ దగ్గు మా అక్కకీ తెలుసు. నిఘంటువుగారు ఉన్న రోజుల్లో ఆవిడ ఎప్పుడు వచ్చినా, "రావమ్మా స్క్రూడ్రైవరమ్మా" అని పిలిచి, కుర్చీ ఆయనే జరిపేవాడు.

సంచిలోంచి మీటరు తీసింది. అది ముందే తీయవలసిందట. లైటు వెలుగుతోంది కదా అని తీయలేదు. రెండు మొనలూ గోడ ప్లగ్గులో పెట్టింది. రెండువందల ముప్ఫై వోల్టులు చూపించాలి.

నూట నలభై.

నూట నలభైకి ఆ చిన్న లైటు వెలుగుతుంది. ఆ పాత పవర్ సప్లై లేవదు. ఇంత కరెంటు ఎక్కడికి పోతోంది? మా అక్క గోడ మీద చెయ్యి పెట్టింది. ప్లగ్గు చుట్టూ గోడ వెచ్చగా ఉంది... మనిషి ఒంట్లా.

ఆ చెయ్యి తీయకముందే, మీటర్లో అంకెలు కదిలాయి. నూట నలభై... రెండువందల ఇరవై ఆరు.

మా అక్క మీటరు చూస్తోంది, కొత్తమ్మాయి కంప్యూటరునే చూస్తోంది. అందుకే ముందు ఆ అమ్మాయే కెవ్వుమంది.

కంప్యూటరు వెలిగింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

కుర్చీ పడిపోయిన చప్పుడు. కొత్తమ్మాయి హాలు దాటి, మెట్లు దిగి, వాచ్‌మన్ తాత దగ్గరికెళ్ళి ఆగింది. తలుపు దగ్గరున్నవాళ్ళు కూడా ఎందుకని అడక్కుండానే ఆమె వెనకే దిగిపోయారు.

మా అక్క ఒక్కతే మిగిలింది. కాళ్ళు వెళ్ళిపోదామంటున్నాయి. కానీ ఆవిడ బుర్ర ఊరుకోదు. కరెంటు పోయి తిరిగొస్తే తనంతట తనే లేచేలా కొన్ని కంప్యూటర్లకి ఏర్పాటుంటుంది. అంటే ఇప్పుడు దీనికి కరెంటు తిరిగొచ్చింది. అంటే గోడవతల ఎవరో... ఏదో... ఇప్పుడే ఆపారు.

దెయ్యానికి స్విచ్‌తో పనేమిటి?

ఫైళ్ళ గదికి హాలు వైపు తలుపు తుప్పు తాళంతోనే ఉంది. వెనక మెట్లవైపు ఇంకో తలుపుందని మా అక్కకి గుర్తు. టార్చి వేసుకుని వెనక నుంచి ఎక్కింది. మెట్లమీదికి వాన జల్లు కొడుతోంది. తలుపు దగ్గరికి వచ్చింది. కింద సందులోంచి ఎర్రటి గీత — నిప్పు కాదు, ఆరిపోతున్న వెలుగు లాంటిది... చూస్తుండగానే మసకబారిపోయింది.

"ఎవరు?" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

తలుపు తట్టింది.

"తలుపు తీయండి. కరెంటు చూడ్డానికి వచ్చాను."

గడియ కదిలింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. టార్చి వెలుగు ముందు ఒక చొక్కా బొత్తాం మీద పడింది, తర్వాత కళ్ళజోడు మీద.

"స్క్రూడ్రైవరమ్మా... నువ్వా?"

మా అక్క చేతిలో టార్చి జారి, మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. చీకట్లో మిగిలింది ఆ గొంతొక్కటే.

"భయపడకమ్మా. నేనే."

"మీరు... మీరు పోయారు కదా!"

"అందరూ అలాగే అనుకుంటున్నారు."

ఆయన గదిలో చిన్న లైటు వేశాడు. ఫైళ్ళ గుట్టల మధ్య ఒక కుర్చీ, ఒక స్టూలు, ఒక పాత రాడ్ హీటరు. స్టూలు మీద టిఫిను డబ్బా, పక్కన చెక్కిన పెన్సిలు. మనిషి చిక్కిపోయాడు కానీ, ఉతికిన చొక్కా, దువ్విన తల. ఆఫీసుకి వచ్చినట్టే ఉన్నాడు.

ఆఫీసుకే వచ్చాడు. ఉద్యోగం పోయిందని ఆయన ఇంట్లో చెప్పలేదు. చేతికిచ్చిన సొమ్ములోంచే నెలనెలా జీతమని భార్యకి ఇస్తున్నాడు. రోజూ ఒంటిగంటన్నరకి డబ్బా కట్టించుకుని బయల్దేరతాడు. చీకటి పడేదాకా ఎక్కడెక్కడో తిరుగుతాడు. కింది అంతస్తుల గుమాస్తాలంతా వెళ్ళాక, ఏడింటికి వెనక మెట్లెక్కి, ఎప్పుడో తన దగ్గరే ఉండిపోయిన తాళంచెవితో ఈ గదిలోకొస్తాడు. చెమ్మకి మోకాళ్ళు పట్టేస్తాయని హీటరు వేసుకుంటాడు. పదింటికి హాల్లో లైట్లు ఆరాక, పక్క వరండాలోంచి హాల్లోకెళ్ళి, ఆ అమ్మాయి వదిలిన కాగితాలు చదివి, తెలిసినవి రాసి, ఆఖరి బస్సుకి ఇల్లు చేరతాడు.

ఈ రాత్రి హాలు వైపు, గోడకి మరీ దగ్గరగా కొత్త గొంతు వినబడితే, పట్టుబడతానని భయపడి హీటరు ఆపేశాడు.

"ఇక్కడికే ఎందుకండీ?" అంది మా అక్క.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ గోడకి ఆనుకుని కూర్చున్నానమ్మా. ఇవతలైనా అవతలైనా... అదే గోడ."

"పోయారని కబురొస్తే, కాదని చెప్పొచ్చు కదా!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేపర్లో పడింది వేరే ఎవరో. పేరొకటే, వయసొకటే. ఆ రోజు సాయంత్రం వీళ్ళంతా లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. మేనేజరు నా గురించి మంచిగా మాట్లాడాడు. అన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాటలన్నీ అన్నాడు. నేనూ ఇక్కడ... గోడవతల లేచి నిలబడ్డాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పోయినవాణ్ణి, ఇప్పుడేం చేస్తున్నావని ఎవరూ అడగరమ్మా. హాయిగా అనిపించింది."

మా అక్క టార్చి వెతికి తెచ్చుకుని, మెయిన్ ఆపి, గోడలోని బోర్డు విప్పింది. సన్నటి పాత తీగ. దాని అతుకు కాలి, బొగ్గయి ఉంది. చుట్టూ ప్లాస్టిక్ కరిగి కారింది. దానికి జానెడు దూరంలో ఫైళ్ళ గుట్టలు.

"ఇటు చూడండి," అంది. "ఇంకో వారం ఇలాగే ఉండుంటే..."

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. "అవతల ఆ పిల్ల కూర్చుంటుంది కదూ," అన్నాడు నెమ్మదిగా. "కంప్యూటరు ఆరిపోతే అంతా హడావిడి పడటం వినేవాణ్ణి. అది నా హీటరు వల్లేనని... ఒట్టు, నాకు తెలీదమ్మా. వాళ్ళ ఉద్యోగాలు కూడా..."

కంప్యూటరు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మా అక్క ఆ తీగ కోసేసి, మూలకి వేరే లైను లాగించింది. "లోపం యంత్రంలో లేదు, మనిషిలో లేదు, గోడలో ఉంది" అని రాసిచ్చింది. హీటరు సంగతి రాయలేదు. మేనేజరు ఆ అమ్మాయితో, "సారీ అమ్మా" అన్నాడట, ఎటో చూస్తూ. ఉద్యోగం నిలబడింది. దగ్గు ఎక్కడిదని ఆ అమ్మాయి ఇంతవరకూ అడగలేదు. కాగితాలు మాత్రం కొన్నాళ్ళు అలాగే పెట్టి వెళ్ళిందట.

ఇక ఆ రాత్రి సంగతి. బోర్డు మూసేసరికి ఎనిమిదిన్నర. వాన ఎక్కువైంది. మా అక్క ఆయన్ని స్కూటరు వెనక ఎక్కించుకుంది.

సగం దూరం వచ్చాక వెనకనుంచి అడిగాడు, "మరి రేపు... ఎక్కడికి వెళ్ళమంటావమ్మా?"

మా అక్క వినపడనట్టు బండి నడిపింది.

"సందు మొదట్లో దింపెయ్యి. మా ఆవిడకి మాత్రం చెప్పకు. తట్టుకోలేదు. దండం పెడతాను."

ఆ వానలో ఆయన్ని సందు మొదట్లో దింపడానికి మనసొప్పక, గేటు దాకా తీసుకెళ్ళింది. తలుపు తీసింది ఒక బక్కపల్చటి ఆవిడ.

"మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే మేడమ్," అన్నాడాయన చకచకా. "వాన కదా... ఇవాళ తొందరగా వదిలేశారు." తడిసిన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడ తువ్వాలు తెచ్చి మా అక్క చేతిలో పెట్టింది. లోపలి గది తలుపు మూసుకున్న చప్పుడయ్యేదాకా ఆగింది. తర్వాత దగ్గరికొచ్చి, మా అక్క మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉందట.

"ఆయన మీకు ఎక్కడ దొరికారు?"

మా అక్క నవ్వబోయింది. "ఆఫీసులోనే కదండీ..."

"ఆఫీసు లేదని నాకు తెలుసమ్మా."

ఆవిడ ఇంకా మణికట్టు వదల్లేదు.

"ఏడాది దాటింది. ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి ఫోనొచ్చింది. మేనేజరట. పాపం, మంచిగానే మాట్లాడాడు. 'ఇక్కడ మానేసి మూడు నెలలైనా, మీవారు పోయారని తెలిసి అందరం బాధపడ్డామండీ' అన్నాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే చూస్తున్నాను. ఎదురుగా ఈయన... అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నారు. ఆఫీసుకి టైమవుతోంది, డబ్బా కట్టావా, అంటున్నారు."

"మరి... కాదని చెప్పలేదా?"

"బతికే ఉన్నారంటే, రోజూ ఎక్కడికి వెళ్తున్నారని అడుగుతారు. ఏమని చెప్పను? సరేనండీ అని పెట్టేశాను. డబ్బా కట్టిచ్చాను."

లోపలినుంచి ఆయన గొంతు, ఉత్సాహంగా: "ఏమోయ్! రేపూ రెండో షిఫ్టే నాకు. నీలం చొక్కా ఆరిందా?"

"ఇస్త్రీ చేసి ఉంచానండీ!" అంది ఆవిడ, అంతే ఉత్సాహంగా, పైకి వినపడేలా.

తర్వాత మా అక్క వైపు తిరిగి, పెదవులు మాత్రమే కదిలేంత చిన్నగా అంది.

"నాకు తెలుసని ఆయనకి చెప్పకండమ్మా. తట్టుకోలేరు."